ఆరు బఠానీలు, అయిదు పుల్లలు

20 ఫిబ్రవరి 1981, శుక్రవారం

ఎండ మండిపోయింది. షెడ్డు రేకుల కింద రబ్బరు ముక్కలు వాటంతట అవే మెత్తబడ్డాయి. మూడింటికి లారీ వచ్చి, జిగురులో కలిపే ద్రావకం మూడు డ్రమ్ములు దించి పోయింది. వాటి మీద స్టెన్సిల్‌తో అక్షరాలు కొట్టి లోపల పెట్టాను. నాలుగున్నర పోటుకి పడవలో ఉన్నాను. నాలుగు వైటింగ్ చేపలు పడ్డాయి. వేయించుకుని తిన్నాను. ఇంకేం లేదు.

11 మార్చి, బుధవారం

పొద్దున టీ వేళ జిగురు గదిలో పనిచేసే నోలీన్ పాస్క్ నా షెడ్డు గుమ్మంలో నిలబడింది. "మాస్టారూ, మీ జిగురు ఈమధ్య బద్ధకం నేర్చింది."

జిగురు గదిలో గడియారం ఎవరూ చూడరు. రబ్బరు ముక్క అంచుకి జిగురు పూసి, రేడియోలో పాటలు లెక్కపెడతారు. రెండు పాటలు అయ్యాక వేలి కణుపుతో తాకి చూస్తారు. చర్మానికి అంటకపోతే ముక్కలు కలిపి నొక్కుతారు. చల్లటి సముద్రంలో దిగేవాళ్ళు తొడుక్కునే రబ్బరు వెట్‌సూట్లు మా ఊళ్ళో తయారయ్యేవన్నీ అలా అతికినవే.

"రెండు పాటలు చాలడం లేదు. మూడోది కూడా వినాల్సొస్తోంది. అందులోనూ ఆ మూడోది ఎప్పుడూ చెత్తదే వస్తుంది," అంది.

"గాలిలో తేమ," అన్నాను.

"నెల రోజులుగా చుక్క వాన లేదండీ."

"సముద్రం పక్కన ఉన్నాం కదా."

"పోయినేడాది సముద్రం ఇక్కడ లేదా ఏంటి?"

వెనక ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. జిగురు కలిపేది నేను. పూసేవాళ్ళు పూయాలి. నాకు పాఠాలు చెప్పాల్సిన పనిలేదు.

ఆమె నన్ను మాస్టారూ అని పిలవడంలో సగం గౌరవం, సగం వెటకారం. ఏడేళ్ళ కిందట టెక్నికల్ స్కూల్లో మంగళవారం సాయంత్రాలు కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. పద్నాలుగు మందిలో చివరిదాకా వచ్చింది ముగ్గురు, అందులో ఈమె ఒకతి. నానబెట్టిన బఠానీలు కార్బన్లు, అగ్గిపుల్లలు బంధాలు. ఆరు బఠానీలు, అయిదు పుల్లలు ఇచ్చి, ఎన్ని రకాలుగా గుచ్చగలరో గుచ్చండి అనేవాణ్ణి. ఆరు కార్బన్ల హెక్సేన్‌కి అయిదు రూపాలు. ఒకటి తిన్నటి గొలుసు, మిగతా నాలుగు కొమ్మలున్నవి. నోలీన్ ఆరు చేసి, మహా సంబరంగా బల్ల మీద పరిచింది. ఆరోది, మొదటి గొలుసునే వంచిపెట్టింది. నేను దాన్ని రెండు వేళ్ళతో తిన్నగా లాగి చూపించాను. "వంచితే కొత్తది కాదు నోలీన్. ఏది దేనికి తగులుకుని ఉందన్నదే ముఖ్యం. లెక్క ఒకటైనంత మాత్రాన సరుకు ఒకటి కాదు."

క్లాసంతా రాసుకున్నారు. ఆ మాట నేను బాగా చెప్పేవాణ్ణి.

14 మే, గురువారం

దక్షిణం గాలి మొదలైంది. గావన్ జిగురు గది కిటికీలన్నీ బిగించి, రెండు హీటర్లు పెట్టించాడు. ఈ ఫ్యాక్టరీ అతని తండ్రి పెట్టింది, ఇప్పుడు ఇతనిది. భూగోళానికి ఈ దక్షిణపు కొసన చలికాలం జూన్‌లో వస్తుంది, దానికి ముందు సర్ఫింగ్ కుర్రాళ్ళందరికీ ఒకేసారి సూట్లు కావాలి. నోలీన్ రోజూ రెండు గంటలు ఎక్కువ చేస్తోంది. ఆమె కుర్చీ గోడవార, తలుపుకి దూరంగా, హీటరు పక్కన. అది మంచి చోటని మిగతావాళ్ళకి కుళ్ళు.

లోపలికి వెళ్తే కళ్ళు చుర్రుమన్నాయి. కిటికీ కొంచెం తీయమని చెబుదామనుకుని, చలికి వాళ్ళు తిడతారని ఊరుకున్నాను.

6 జూన్, శనివారం

నెట్‌బాల్ చూడ్డానికి వెళ్ళాను. మా ఫ్యాక్టరీ జట్టుకి నోలీన్ సెంటర్, అందరికంటే ఎక్కువ పరిగెత్తాల్సిన చోటు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ మైదానంలో ఆమెని పట్టుకునేవాళ్ళు లేరు. అలాంటిది ఇవాళ ఎవరూ తగలకుండా రెండుసార్లు తూలిపడింది. గెలిచాం లెండి. లెండి అని ఎవరితో అంటున్నానో. ఈ పుస్తకం చదివేది నేనొక్కణ్ణే.

8 జూలై, బుధవారం

"మాస్టారూ, మీకెప్పుడైనా బూటులో మేజోడు ముడతపడి కాలి కింద అడ్డం పడినట్టుంటుందా?"

"ఉంటుంది. బూటు విప్పి సరిచేసుకో."

"విప్పానండి. మేజోడు బాగానే ఉంది. కాళ్ళకేమీ లేకుండా నడిచినా ముడత అలాగే ఉంది."

పాత బూట్లు వేసుకుని కాంక్రీటు మీద పదేసి గంటలు నిలబడితే ఎవరికైనా అంతే. కొత్తవి కొనుక్కోమన్నాను.

22 జూలై, బుధవారం

గావన్ ఇవాళ అందరి ముందూ అనేశాడు. నోలీన్ జిగురు డబ్బా పట్టుకుని వస్తూ గుమ్మానికి తట్టుకుంది. డబ్బా దొర్లింది.

"ఏమ్మా నోలీన్, పొద్దున్నే మొదలెట్టేశావా?"

"ఏం మొదలెట్టాను?"

"నాకేం తెలుసు. బీరో, జిన్నో నువ్వే చెప్పాలి."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ మొహం ఎర్రబడింది. ఆమె తండ్రి తాగి తాగి చచ్చిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే ఆమె ఎవరి పెళ్ళి విందులోనైనా నిమ్మరసమే పట్టుకుని తిరుగుతుందన్నదీ తెలుసు. నేను గుడ్డ తెచ్చి నేల తుడిచాను. 

5 ఆగస్టు

బూట్లే కారణం.

14 ఆగస్టు, శుక్రవారం

ఇవాళ బ్రష్షు జారిపోయింది ఆమె చేతిలోంచి. తీసి ఇచ్చాను. మళ్ళీ జారింది. "బొటనవేలు నా మాట వినడం లేదండీ," అంది. బాగా చిక్కిపోయింది కూడా.

షెడ్డుకి వచ్చి డ్రమ్ముల ముందు చాలాసేపు నిలబడ్డాను. అన్నిటి మీదా నా స్టెన్సిలే, తెల్లటి అక్షరాల్లో C₆H₁₄. నేను రాకముందు ఇక్కడ సుద్దముక్కతో పేర్లు రాసుకునేవాళ్ళు. ఇది మిక్సింగ్ షెడ్డు, కిరాణా కొట్టు కాదు, ఇక్కడ సూత్రాలే ఉండాలని పట్టుబట్టి పేర్లు చెరిపించాను.

అందులో ఏముందో తెలుసుకోవడం పెద్ద పని కాదు. చిన్న సీసాలో పోసి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి, ఎక్కడ మరుగుతుందో చూడాలి. కొమ్మలున్నవైతే అరవై నాలుగు లోపలే మరుగుతాయి. తిన్నటిదైతే అరవై తొమ్మిది దగ్గర. అరగంట పని. ఇవాళ ఆలస్యమైపోయింది.

15 ఆగస్టు

థర్మామీటరు సొరుగులో ఉంది.

18 ఆగస్టు

ఇవాళ కూడా తీరలేదు.

29 ఆగస్టు, శనివారం

సెమీఫైనల్. నోలీన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారు. మునివేళ్ళ మీద లేవలేకపోతోంది. నడిస్తే పాదాలు టపటపమని నేలకి కొట్టుకుంటున్నాయి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆట మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"మాస్టారూ, జిగురులో ఏమైనా మార్చారా?"

"లేదు."

"ఊరికే అడిగానండి. సెలవు పెట్టిన వారం కొంచెం తేలిగ్గా ఉన్నట్టనిపించింది. అంతా నా భ్రమేమో."

"అయ్యుండొచ్చు," అన్నాను.

జట్టు ఓడిపోయింది. ఆమె లేచి చప్పట్లు కొట్టబోయి, బెంచీ పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

31 ఆగస్టు, సోమవారం

చేశాను. అరవై ఎనిమిదిన్నర దగ్గర మరగడం మొదలైంది, సీసా అయ్యేదాకా అక్కడే నిలబడింది. మూడు డ్రమ్ములూ అంతే.

ఇప్పుడు ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ మళ్ళీ రాయాలి. ఆ రోజు చేపల గురించి రాశాను. జరిగింది ఇదీ. లారీ డ్రైవరు పేరు కాల్. అతను చీటీ చూపించి, "మెర్వ్, మీరడిగిన ఐసో హెక్సేన్ లేదు. ఆరు వారాలు పడుతుందట. ఇది మామూలు హెక్సేన్. రెండూ ఒకటేగా?" అన్నాడు. ఐసో అంటే కొమ్మలున్నది, మామూలుదంటే తిన్నటి గొలుసు. నేను గడియారం చూశాను. పోటు ఎక్కుతోంది, పడవ సిద్ధంగా ఉంది. "ఒకటేలే. సూత్రం ఒకటే. దించెయ్," అన్నాను. ఈ మూడు డ్రమ్ములే కదా, తర్వాత సరైనది వస్తుందనుకున్నాను.

ఇవాళ డ్రమ్ములు పంపే డిపోకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి మా కార్డు తీసి చదివింది. ఫిబ్రవరి నుంచీ మాకు వచ్చిందంతా మామూలు హెక్సేనే. "మీ మెర్వ్ ట్రాంటర్ గారు రెండూ ఒకటేనన్నారని కార్డు మీద రాసుంది సార్. మీరెవరు మాట్లాడేది?" అంది.

కొమ్మలదే కొనాలని ఆరేళ్ళ కిందట గావన్ ప్రాణం తీసింది నేను. జపానులో ఇళ్ళల్లో కూర్చుని చెప్పులు అంటించే ఆడవాళ్ళకి కాళ్ళూ చేతులూ పడిపోయాయని ఒక నివేదిక వచ్చింది. తిన్నటి గొలుసు ఒంట్లోకి పోయి విరిగినప్పుడు నరాల్ని తినేది ఒకటి పుడుతుంది. కొమ్మలున్నవాటిలో అది పుట్టదు. ఆ కాగితం ఇప్పటికీ నా బల్ల అద్దం కింద ఉంది. దాని మీద టీ కప్పు పెట్టుకుంటాను.

2 సెప్టెంబరు

ఆ డ్రమ్ములు వెనక్కి పంపేశాను. మూతలు కారుతున్నాయని గావన్‌కి చెప్పాను. పట్నం నుంచి కొమ్మల హెక్సేన్ తెప్పించాను. రెండు పాటలకే ఆరుతోంది. ఆడవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఇక తగ్గుతుంది. విషం ఆగాక ఒళ్ళు దానంతట అదే బాగుపడుతుంది. ఇప్పుడు చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి?

9 సెప్టెంబరు

తగ్గుతుంది.

25 సెప్టెంబరు, శుక్రవారం

తగ్గలేదు. ఇంకా ఎక్కువైంది. గుండీలు పెట్టుకోలేకపోతోందని, పొద్దున పక్కింటావిడ వచ్చి పెడుతోందని విన్నాను. మధ్యాహ్నం గావన్ ఆమెని పిలిచి, సోమవారం నుంచి రావద్దన్నాడు. "నీ మంచికే చెబుతున్నా నోలీన్. ముందు ఆ అలవాటు మానుకో."  ఆమె తన బ్రష్షు కడిగి, కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయిందట. నేను షెడ్డులోనే ఉన్నాను. గోడ అవతల అంతా వినబడింది. నా చెవులతో విన్నదాన్ని కూడా 'వెళ్ళిపోయిందట' అని రాయడం నాకు బాగా అలవాటైంది.

4 అక్టోబరు, ఆదివారం

నోలీన్ మా ఇంటికి వచ్చింది. గేటు నుంచి గుమ్మానికి పాతిక అడుగులు కూడా ఉండవు, మధ్యలో రెండుసార్లు ఆగింది. టీ ఇస్తే రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంది.

"మీతో ఒక పని పడింది మాస్టారూ."

"చెప్పు."

"నేను తాగనని ఒక ఉత్తరం రాసివ్వాలి. పట్నంలో డాక్టరు కూడా ఎంత తాగుతావని అడుగుతున్నాడు. లేదంటే నమ్మడు, నవ్వుతాడు. వెన్నులో ఏదో నొక్కుకుని ఉందేమో, ఇరవయ్యో తేదీన కోసి చూస్తామంటున్నారు."

"వెన్ను కోస్తారా?"

"కోసి చూస్తారట. నాకు కోతంటే అంత భయం లేదండి. మా నాన్నలా అయిపోయానని ఊరంతా అనుకుంటే మాత్రం నేను బతకలేను. మీరు రాస్తే నమ్ముతారు. ఈ ఊళ్ళో మీ మాటకి విలువుంది."

రాస్తానన్నాను. ఆమె వెళ్తూ వెళ్తూ గేటు గొళ్ళెం వేయాలని చాలాసేపు ప్రయత్నించింది. చివరికి మోచేత్తో తోసి వెళ్ళింది.

5 అక్టోబరు, సోమవారం

కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. 'నోలీన్ పాస్క్ నాకు ఏడేళ్ళుగా తెలుసు. ఆమె మద్యం ముట్టదు.' రెండు వాక్యాలు. కింద సంతకం పెట్టి ఇస్తే ఆమెకి కావలసింది అయిపోతుంది. రెండూ నిజమే. ఆ రెండు నిజాల వెనక నేను హాయిగా దాక్కోవచ్చు, ఇరవయ్యో తేదీన ఆమె వెన్ను ఉత్తపుణ్యానికి కోస్తారు.

సంతకం పెట్టలేకపోయాను. కింద ఇంకో మూడు పేజీలు రాశాను. డ్రమ్ములు, కార్డు, కిటికీలు, కాల్‌తో అన్న మాట, బెంచీ మీద ఆమెతో చెప్పిన అబద్ధం.  బల్ల అద్దం ఎత్తి, కప్పు మరక పడిన ఆ నివేదికని కూడా జతచేశాను.

6 అక్టోబరు, మంగళవారం

ముందు గావన్‌కి చూపించాను. నిలబడి మొదలుపెట్టి, చివరికి కూర్చుని చదివాడు.

"పెద్దాయనా, ఈ కొమ్మలదే కొనాలని నాతో పోట్లాడింది నువ్వే కదా?"

"నేనే."

"నేనామెని తాగుబోతన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు అక్కడే నిలబడి నేల తుడిచావు."

 షెడ్డు తాళంచెవులు బల్ల మీద పెట్టాను. అతను తీసుకున్నాడు. తర్వాత బస్సెక్కి పట్నం వెళ్ళి డాక్టరుకి ఉత్తరం ఇచ్చాను. అతను మొదటి పేజీ సగం చదివి, ఫోనెత్తి ఆపరేషన్ రద్దు చేశాడు.

మానేసినా ఎందుకు ముదురుతోందని అడిగాను. అది దీని లక్షణమేనన్నాడు. తగలడం ఆగాక కూడా రెండు మూడు నెలలు దిగజారుతూనే ఉంటుందట, ఆ తర్వాతే తిరిగి ఎక్కడం మొదలవుతుందట. "ఎంత ముందు ఆపితే అంత తక్కువ దిగజారేది. మొత్తం వెనక్కి వస్తుందని మాటివ్వలేను," అన్నాడు. "మీకు మొదట అనుమానం వచ్చిందెప్పుడు?"

"ఆగస్టు ముప్పై ఒకటి," అన్నాను.

అతను రాసుకున్నాడు.

అక్కణ్ణుంచి నోలీన్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను.  "ఇప్పుడు వెళ్ళండి మాస్టారూ," అంది.

20 నవంబరు

జిగురు గదిలో మిగతా ముగ్గురికీ పరీక్షలు చేశారు. ఒకామెకి వేళ్ళలో చిమచిమ, అది పోతుందన్నారు. ఇద్దరికి ఏమీ లేదు. గావన్ నోలీన్ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగి వచ్చాడని కాల్ చెప్పాడు. కాల్ నాతో ఇంకా మాట్లాడుతున్నాడు. అతనికీ రాత్రులు నిద్ర పట్టడం లేదట. తప్పు నీది కాదు, నువ్వు అడిగావు, నేను చెప్పాను అన్నాను.

పడవ అమ్మేశాను.

16 జనవరి 1982, శనివారం

నోలీన్ కబురు పెట్టింది. వరండాలో కూర్చుని ఉంది. పాదాలు వేలాడకుండా మడమల నుంచి మోకాళ్ళ దాకా పట్టీలు. ముందు బల్ల మీద ఒక గిన్నెలో నానబెట్టిన బఠానీలు, పక్కన అగ్గిపెట్టె.

"వేళ్ళకి కసరత్తు. ఆస్పత్రి అమ్మాయి చెప్పింది," అంది. "గిన్నెలోంచి ఒక్కొక్కటే తీసి పళ్ళెంలో పెట్టమంది. అది మరీ చిన్నపిల్లల పనిలా ఉంది. ఎలాగూ బఠానీలు ఉన్నాయి కదా అని."

పళ్ళెంలో నలిగిపోయినవి ఓ పదిహేను ఉన్నాయి. నేను కూర్చోలేదు, ఆమె కూర్చోమననూ లేదు.

"అయిదింటిలో నన్నిలా చేసింది ఏది మాస్టారూ?"

"మొదటిది. తిన్నటిది."

"అందరూ మొదట చేసేది." తల ఊపింది. "అదొక్కటే నేను రెండుసార్లు చేశాను ఆ రోజు. సరే, అది కాదు నేను అడగాలనుకున్నది. మీ ఉత్తరం డాక్టరు నాకు చదివి వినిపించాడు. ఆగస్టు ముప్పై ఒకటిన తెలిసిందని చెప్పారట."

"అవును."

"నాకు నిజం చెప్పండి. ఎప్పుడు తెలిసింది?"

ఈ పుస్తకంలో ఎక్కడా రాయనిది అప్పుడు చెప్పాను.

"మార్చిలో. జిగురు ఆలస్యంగా ఆరుతోందని నువ్వొచ్చి చెప్పిన రోజు. తిన్నటిది నెమ్మదిగా ఆవిరవుతుంది. మూడో పాట అనగానే, మీరంతా పీలుస్తున్నది ఆ విషమేనని నాకు తెలిసింది. తేమ అన్నాను."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "అప్పుడు నా కాళ్ళు బాగానే ఉన్నాయి," అంది. అంతే అంది.

తర్వాత ఒక బఠానీని రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పళ్ళతో అగ్గిపుల్ల అందుకుని గుచ్చింది. రెండోది జారి వరండా మెట్టు దాకా దొర్లింది. నేను వంగబోయాను.

"మీరు తీయకండి."

ఆగిపోయాను. ఆమె గిన్నెలోంచి ఇంకొకటి తీసుకుంది. అదీ జారింది. మళ్ళీ తీసుకుంది. నాకు వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళమని ఆమె అనలేదు కాబట్టి మెట్టు మీద కూర్చున్నాను. ఎండ వరండా ఈ చివర నుంచి ఆ చివరకి జరిగింది. ఆరు బఠానీలు, అయిదు పుల్లలు, తిన్నటి గొలుసు. మా క్లాసులో అది అర నిమిషం పని. ఇవాళ గంటా పది నిమిషాలు పట్టింది.